రెండు చెంచాల నీళ్లు, ఒక అడుగు లోతు: వానాకాలంలో బండి లెక్కలు

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే స్ప్లెండర్‌ ఇంజను సామర్థ్యం 97.2 సీసీ. పిస్టన్‌ పైదాకా వచ్చినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ సుమారు 11 సీసీ. అంటే 11 మిల్లీలీటర్లు, రెండు టీ చెంచాలు. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పదో వంతుకు నొక్కడం పిస్టన్‌ రోజూ చేసే పని. నీళ్లను మాత్రం ఏ పిస్టనూ నొక్కలేదు. ఆ ఖాళీకి మించి నీళ్లు సిలిండర్లో చేరాయంటే పిస్టన్‌ దారి మధ్యలోనే ఆగిపోతుంది. కింద క్రాంకు ఇంకా తిరగాలని చూస్తుంది. రెంటి నడుమ ఉన్న కనెక్టింగ్‌ రాడ్డు వంగిపోతుంది.

తుపాను వెలిసిన మర్నాడు తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ ఏ మెకానిక్‌ షెడ్డుకు బండి తోసుకెళ్లినా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: ‘నీళ్లలో ఆగినాక మళ్లా స్టార్ట్‌ కొట్టినావాన్నా?’ బిల్లు ఎంతవుతుందో ఆ జవాబును బట్టే ఉంటుంది. కొట్టలేదంటే ప్లగ్గు, ఆయిలు, ఫిల్టరుతో పోతుంది. నాలుగైదుసార్లు సెల్ఫ్‌ నొక్కి చూశామంటే ఇంజను విప్పాల్సి రావచ్చు.

నీళ్లు లోపలికి ఎంత త్వరగా చేరతాయో కూడా లెక్క వేయొచ్చు. ఫోర్‌ స్ట్రోక్‌ ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే 1,500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు. ఫిల్టరు డబ్బా మునిగిందంటే 11 మిల్లీలీటర్లు లోపలికి పోవడానికి సెకను కూడా పట్టదు. ఇంజను ఆగాక నీళ్లకు ఇంకో దారి కూడా ఉంది. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకున్న స్థితిలో ఆగితే సైలెన్సరు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి పాకుతాయి. నడుస్తున్నంతసేపు పొగ వాటిని బయటికి నెడుతూ ఉంటుంది. అందుకే తప్పనిసరై నీళ్లలోంచి పోవాల్సి వస్తే ఫస్ట్‌ గేరులో, యాక్సిలరేటరు ఒకే తీరుగా పట్టుకుని, ఆపకుండా పోవాలి.

ఎంత లోతు దాకా పోవచ్చు? 18 అంగుళాల రిమ్ముకు టైరు కూడా కలిపితే చక్రం ఇరుసు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే ఒక అడుగు. సైలెన్సరు మూతి కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది. ఫిల్టరు డబ్బా ఇంకా పైన సీటు కింద ఉంటుంది కదా అనిపించవచ్చు. కానీ పక్కనుంచి ఒక లారీ పోయిందంటే అల జానెడు లేస్తుంది. ఇరుసు మునిగే లోతుకు ముందే ఆగడం మంచిది. స్కూటరుకైతే ఇంకా ముందే ఆగాలి, దాని చక్రాలు చిన్నవి.

ఇది నిలబడ్డ నీళ్ల లెక్క. పారే నీళ్లకు ఈ లెక్క సరిపోదు. స్వర్ణముఖి మీదో, ఏ వంక మీదో ఉన్న చప్టా మీదుగా నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారుతున్నాయనుకుందాం. మనిషి చకచకా నడిచే వేగం కన్నా అది కాస్త ఎక్కువ, అంతే. చక్రాలు, సైలెన్సరు, ఇంజను అడుగు అన్నీ కలిసి పావు చదరపు మీటరు అడ్డం పడితే, నీళ్లు బండిని పక్కకు తోసే బలం సుమారు 50 కిలోల బరువుకు సమానం. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలై 200 కిలోలకు చేరుతుంది. బండి బరువేమో 112 కిలోలు. అందులో మునిగిన భాగాన్ని నీళ్లే పైకి లేపుతుంటాయి కాబట్టి టైర్లకు నేల మీద పట్టు ఇంకా తగ్గుతుంది. చెరువు మరవ పోతున్నప్పుడు చప్టా దాటగలమా లేదా అని గట్టు మీద నిలబడి అంచనా వేయడం ఎవరి తరమూ కాదు, కింద రోడ్డు కోసుకుపోయి ఉండొచ్చు కూడా. నిలబడ్డ నీళ్లూ ప్రాణం తీయగలవు. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్‌ చర్చి రైల్వే అండర్‌ బ్రిడ్జిలో చేరిన నీళ్లలో వాహనం చిక్కుకుని, దర్శనానికి కర్ణాటక నుంచి వచ్చిన ఒక యువతి ప్రాణం పోయింది. అది నాలుగు చక్రాల బండి. వాన కురుస్తున్న రాత్రి అండర్‌ బ్రిడ్జి ముందు బండి ఆపి, చుట్టు దారి ఎంత దూరమైనా అటే పోవాలి.

బండి మునిగిందే అనుకుందాం. తాళంచెవి తీసేయండి. సెల్ఫ్‌, కిక్కు రెండూ ముట్టుకోవద్దు. తోసుకుంటూ గట్టుకు చేర్చి, వీలైతే బ్యాటరీ నెగెటివ్‌ వైరు విప్పండి. షెడ్డులో ప్లగ్గు ఊడదీశాక నిదానంగా కిక్కు కొడితే లోపలి నీళ్లు ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్ముకుంటూ బయటికొస్తాయి. ఫిల్టరు తీసి చూడాలి, కాగితపుదైతే మార్చేయాలి. ఆయిలు డిప్‌స్టిక్కు మీద పాలు కలిపిన టీ రంగులో కనిపించిందంటే అందులో నీళ్లు కలిసినట్టే. ఆ ఆయిలు పూర్తిగా దించి, కొత్తది పోసి, అయిదు నిమిషాలు ఇంజను నడిపి, దాన్ని కూడా దించేసి మళ్లీ కొత్తది పోయాలి. ఒకసారి మార్చితే చాలదు. క్లచ్‌ ప్లేట్ల సందుల్లో మిగిలిన తడి మొదటి ఆయిలుతో మొత్తం రాదు. 100 సీసీ బండికి పట్టే ఆయిలు లీటరుకు అటూ ఇటూ కాబట్టి రెండుసార్లకు కలిపి రెండు లీటర్లవుతుంది. క్రాంకు పని ఖర్చు ముందు అది లెక్కలోది కాదు.

ఇక తేదీల సంగతి. బండి ‘వానాకాలం సర్వీసు’ జూన్‌లో చేయించాలని ఎక్కడ చదివినా కనిపిస్తుంది. కేరళకో ముంబైకో అది సరైన మాట. మనకు కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాది మొత్తం కురిసేది సుమారు 930 మిల్లీమీటర్లు. జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల నైరుతిలో పడేది 440 దరిదాపుల్లో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడే నెలల ఈశాన్యంలో 400 దాకా పడుతుంది. తూర్పున సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు పోయేకొద్దీ ఈశాన్యం వాటా ఇంకా పెరుగుతుంది. పైగా ఈ వాన రోజూ ఇంత చొప్పున పడేది కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే రెండు మూడు రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతిని ముంచిన వాన అలాంటిదే. తిరుమల ఘాట్‌ రోడ్లు మూతపడ్డాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మరుసటి ఏడాది మే దాకా తెరుచుకోలేదు, రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్ట ఎప్పుడు తెగుతుందోనని ఊళ్లకు ఊళ్లు నిద్ర మానుకున్నాయి. 2022 డిసెంబరులో మాండూస్‌ తుపాను, 2023 డిసెంబరులో మిచాంగ్‌ తుపాను. ఈ మూడూ ఆయా ఏడాది దీపావళి దాటాకే వచ్చాయి.

కాబట్టి మన బండికి వానాకాలం సర్వీసు దసరాకూ దీపావళికీ మధ్య జరగాలి. ఆయుధ పూజ నాడు ఎలాగూ బండిని కడిగి పసుపు కుంకుమ పెడతాం. బొట్టు పెట్టేముందు టైరు గాడీలు, బ్రేకు షూలు, బ్యాటరీ టెర్మినళ్లు కూడా ఒకసారి చూసుకుంటే ఆ పండగ తేదీనే సర్వీసు తేదీ అవుతుంది.

వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షమని, 115.6 దాటితే అతి భారీ అని, 204.4 కూడా దాటితే అత్యంత భారీ అని అంటుంది. ఒక మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. స్ప్లెండర్‌ పొడవు 2 మీటర్లు, వెడల్పు 72 సెంటీమీటర్లు, అంటే 1.44 చదరపు మీటర్ల చోటు. ఇంటి ముందు ఆరుబయట నిలబెట్టిన బండి మీద భారీ వర్షం రోజున కనీసం 93 లీటర్లు పడతాయి. అత్యంత భారీ అయితే 294 లీటర్లు దాటుతాయి. నడపకపోయినా బండి తడిసేది ఇంత. ఇందులో కొంత పెట్రోలు ట్యాంకు మూత చుట్టూ చేరుతుంది. ఆ మూత పళ్లెంలో నీళ్లు పోవడానికి ఒక సన్న రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది పూడిపోతే, మూత తెరిచినప్పుడల్లా అక్కడ నిలిచిన నీళ్లు ట్యాంకులోకి జారతాయి. సన్నటి తీగతో ఏడాదికొకసారి శుభ్రం చేస్తే చాలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌ తేమను పీల్చుకుంటుంది. తేమ హద్దు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. ఇంజను పీల్చేది ఆ అడుగు నుంచే. ముసురు రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తడిగాలికి చోటు తక్కువ. కవరు కప్పే అలవాటుంటే వాన వెలిసిన వెంటనే తీసేయాలి. లోపల చేరిన ఆవిరి బయటికి పోయే దారి లేక, కప్పని బండి కన్నా ఎక్కువ తుప్పు తెస్తుంది.

2020 ఏప్రిల్‌ నుంచి వచ్చిన బీఎస్‌-6 బండ్లతో బ్యాటరీకి కొత్త ప్రాముఖ్యం వచ్చింది. పాత కార్బురేటరు బండి బ్యాటరీ చచ్చినా కిక్కుకు లేచేది. ఇప్పుడు పెట్రోలు పంపు, ఇంజెక్టరు, కంట్రోల్‌ యూనిట్‌ మూడూ కరెంటు మీదే నడుస్తాయి, వోల్టేజీ బాగా పడిపోతే కిక్కు ఎంత కొట్టినా పలకదు. 2017 నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఈ భారమంతా మోసేది చాలా 100 సీసీ బండ్లలో 3 ఏహెచ్‌ బ్యాటరీ, అరచేతిలో పట్టేంతది. దేశంలో పేరున్న బ్యాటరీల్లో ఒకటి తిరుపతి పక్కన కరకంబాడిలోనే తయారవుతుంది, చేసేది 1985లో మొదలైన అమరరాజా సంస్థ. కాబట్టి ఈ ఊళ్లలో బ్యాటరీ పరీక్ష తెలిసినవారికి కొదవ లేదు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.4 కన్నా తక్కువుంటే ఛార్జింగు కావాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువైతే లోపం బ్యాటరీది కాదు, ఛార్జింగు వైపుది. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పెట్రోలియం జెల్లీ రాయాలి. ప్లగ్గు మీది రబ్బరు టోపీ చీలి ఉంటే మార్చేయాలి. వానలో బండి ‘మిస్సింగ్‌’ కొట్టడానికి చాలాసార్లు కారణం ఆ చీలికలోకి దిగిన తడే.

టైర్ల గురించి చట్టమే ఒక అంకె చెప్పింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మి.మీ. కన్నా తగ్గకూడదు. అది చట్టపు హద్దు. తడి రోడ్డుకు అది చాలదు. గాడి పని టైరు కింద చిక్కిన నీళ్లను పక్కకు పంపడం. లోతు రెండు మి.మీ.లకు దిగినప్పుడే, ఆ దసరాకే, మార్చుకోవడం తెలివైన పని. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. అయిదారేళ్లు దాటిన రబ్బరు గాడి ఉన్నా గట్టిపడి తడిలో పట్టు వదిలేస్తుంది. గాలి విషయంలో ఒక తప్పుడు నమ్మకం బాగా పాకింది: వానలో గాలి తగ్గిస్తే గ్రిప్పు పెరుగుతుందని. తగ్గిస్తే గాడీలు మూసుకుపోయి నీళ్లు బయటికి పోలేవు. 100 సీసీ బండ్లకు ముందు టైరులో 25 పీఎస్ఐ, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరెక్కితే 40 దాకా. మీ బండికి సరిగ్గా ఎంతో ఓనర్స్‌ మాన్యువల్‌లో ఉంటుంది.

పొడి తారు రోడ్డు మీద టైరుకు రోడ్డుకు ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, తడిస్తే అది 0.4కు పడిపోతుంది. గంటకు 60 కి.మీ. వేగంలో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. కన్ను చూసి చెయ్యి బ్రేకు పట్టేలోపు ఒక సెకను పోయిందనుకుంటే, పొడి రోడ్డు మీద మొత్తం 37 మీటర్లలో ఆగే బండి తడిలో 52 మీటర్లు పోతుంది. ఆ తేడా 15 మీటర్లు, ఒక బస్సు పొడవు కన్నా ఎక్కువ. దాన్ని తిరగేసి చూస్తే ఇంకా పనికొస్తుంది: తడిలో కూడా అదే 37 మీటర్లలో ఆగాలంటే వేగం 48కి దించాలి. పూతలపట్టు మీదుగా తిరుపతి, చిత్తూరు మధ్య రోజూ తిరిగేవారు స్పీడోమీటరు మీద గుర్తుపెట్టుకోవాల్సిన అంకె అది. ఎండిన రోడ్డు మీద తొలి చినుకులు పడ్డ పావుగంట మరీ ప్రమాదం. కారిన ఆయిలు, దుమ్ము నీళ్లలో నాని పైకి తేలతాయి, 0.4 కూడా దక్కదు.

బ్రేకుల దగ్గర కాసేపు నిలబడాలి, ఎందుకంటే ఈ జిల్లాల్లో ఘాట్లున్నాయి: చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి, తిరుపతి నుంచి మదనపల్లె దారిలో భాకరాపేట, అన్నిటికీ మించి తిరుమల. 1944లో తెరిచిన మొదటి ఘాట్‌ రోడ్డు ఇప్పుడు దిగే దారి, సుమారు 19 కి.మీ. కొండ పైకీ, కింద ఉన్న అలిపిరికీ ఎత్తులో తేడా ఇంచుమించు 700 మీటర్లు. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలు అనుకుంటే, ఆ ఎత్తు దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి 17 లక్షల జౌళ్లు. అయిదు లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి. గాలి, ఇంజను పంచుకోగా మిగిలినదంతా బ్రేకుల్లోకే పోవాలి.

ఘాట్‌ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది, టోల్‌గేటు దగ్గర సమయం చూస్తారు. సగటున గంటకు 28 కి.మీ. మాత్రమే. వేగాన్ని ఆపడానికే ఆ నియమమని అందరికీ తెలుసు, బ్రేకులకు అది చేసే మేలు లెక్కలో కనిపిస్తుంది. ఆ శక్తినంతా 40 నిమిషాల మీద పంచితే సగటున సెకనుకు సుమారు 710 జౌళ్లు. 20 నిమిషాల్లో దిగితే సుమారు 1,420. డ్రమ్ముకు చల్లారే వ్యవధి సగమై, వేడి చేరే వేగం రెట్టింపవుతుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే ఇంజను పంచుకోవాల్సిన వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది. పైగా ఫ్యూయల్‌ ఇంజెక్షన్‌ బండ్లలో చాలావాటికి గేరులో ఉండి యాక్సిలరేటరు పూర్తిగా వదిలితే ఇంజెక్టరు పెట్రోలు ఆపేస్తుంది, కాబట్టి మిగిలేది కూడా ఏమీ లేదు. సెకండు గేరులో దిగండి.

వానలో ఇంకో చిక్కు. డ్రమ్ములోకి నీళ్లు చేరితే షూ జారుతుంది, లివరు నొక్కినా మొదటి క్షణంలో బండి ఆగదు. నీళ్లు దాటిన ప్రతిసారీ, నిదానంగా పోతూనే రెండు బ్రేకులు తేలిగ్గా నాలుగైదుసార్లు నొక్కి ఆరబెట్టుకోవాలి. డిస్కు బ్రేకుకు ఆ బాధ తక్కువ, దాని బలహీనత ద్రవంలో ఉంది. డాట్‌-4 బ్రేక్‌ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చి నీటి శాతం 3.7కు చేరితే 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఘాట్‌ దిగేటప్పుడు అలా మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి, లివరు హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, బ్రేకు పడదు. రెండేళ్లకొకసారి ఈ ఆయిలు మార్చాలని కంపెనీలు చెప్పేది ఇందుకే. సర్వీసులో ఎక్కువగా మరిచిపోయే పని ఇదే, అడిగి చేయించుకోవాలి. డ్రమ్ము బ్రేకుకు ముందు లివరు ఆట 10–15 మి.మీ., వెనక పెడలు ఆట 20–30 మి.మీ. ఉంటే చాలు.

చెయిన్‌ సంగతి క్లుప్తంగా: 500 కి.మీ.కి ఒకసారి వేసే ఆయిలు వానల్లో 250కి ఒకసారి వేయాలి, ఆట 25–30 మి.మీ. ఉండాలి, బురద పట్టిన చెయిన్‌ మీద ముందు కడిగి ఆరబెట్టకుండా ఆయిలు వేయకూడదు, ఇసుక కలిసి పళ్లను అరగదీస్తుంది. వాటర్‌ సర్వీసులో ప్రెషర్‌ గన్ను చక్రాల హబ్బులకు, ప్లగ్గుకు, స్విచ్చులకు సూటిగా పట్టనీయకండి. వాన చేరలేని చోటికి ఆ గన్ను నీళ్లను చేరుస్తుంది.

చివరగా డబ్బు. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్‌ పార్టీ బీమా ప్రీమియం 2022 జూన్‌ నుంచి ఏడాదికి 714 రూపాయలు. ఎందరో ఇదొక్కటే కట్టి బీమా ఉందనుకుంటారు. వరదలో మీ బండి మునిగితే అందులోంచి ఒక్క రూపాయి రాదు, అది ఎదుటివారికి జరిగిన నష్టానికే. వరద నష్టం కావాలంటే ఓన్‌ డ్యామేజ్‌ కూడా ఉన్న సమగ్ర పాలసీ ఉండాలి. అందులోనూ నీళ్లు చేరి ఇంజను పట్టేసిన నష్టాన్ని కంపెనీలు తరచూ మినహాయిస్తాయి, మునిగాక స్టార్ట్‌ చేయబోయారన్న కారణంతో. దానికి విడిగా ఇంజన్‌ ప్రొటెక్షన్‌ అనే అదనపు రక్షణ ఉంటుంది. మామూలుగా పాలసీ తీసుకునేటప్పుడో రెన్యువల్‌ చేసేటప్పుడో మాత్రమే దాన్ని చేర్చుతారు, వాయుగుండం కబురు విన్నాక చేర్చరు. మునిగిన బండిని షెడ్డుకు తీసుకెళ్లే ముందే ఉన్నచోట ఫొటోలు తీసి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో కనిపించేలా చూసుకుని, బీమా కంపెనీకి ఫోన్‌ చేసి క్లెయిమ్‌ నంబరు తీసుకోవాలి. సర్వేయరు చూడకముందు ఇంజను విప్పిస్తే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.